యాభై నిమిషాల దూరం

పోయిన ఏడు మార్గశిర బహుళ ద్వాదశి, మంగళవారం, రాత్రి ఎనిమిదీ యాభైకి మొదలైంది. ముప్ఫై రెండేళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. లేనిది కలిపి చెప్పడం నాకు చేతకాదు.

దేవరుప్పులలో మా అమ్మ మంచాన పడి అప్పటికి తొమ్మిది రోజులు. తమ్ముడు రాజం లద్దాఖ్‌లో రోడ్డు పనిలో ఉన్నాడు. రెండు గంటలకు లేహ్‌లో విమానం ఎక్కుతున్నానని పన్నెండింటికి ఫోన్ చేశాడు. అమ్మ పక్కనే కూర్చుని లెక్క వేశాను. లేహ్ నుంచి శ్రీనగర్‌కు అట్లాసు మీద స్కేలు పెట్టి కొలిస్తే సుమారు రెండు వందల యాభై కిలోమీటర్లు. యాభై నిమిషాలు. అక్కడ ఆగేది గంట. హైదరాబాద్‌కు మూడు గంటలు. అక్కడి నుంచి ఇంటికి కారులో రెండు గంటల ఇరవై నిమిషాలు.

"తమ్ముడు తొమ్మిదీ పదికి ఇంట్ల ఉంటడమ్మా."

"నీ లెక్కకు యముడు సుత ఆగాల్నా బిడ్డా?" అమ్మ నవ్వింది. గోడ గడియారం వైపు తిరిగి పడుకుంది. "సరే తియ్యి. అందాక ఉంట."

ఎనిమిదీ యాభైకి వాకిట్లో కుక్క లేచి నిలబడింది. మొరగలేదు... గేటు వైపు చూస్తూ తోక ఊపింది. ఇరవై నిమిషాలు అట్లాగే.

తొమ్మిదీ పదికి గొళ్లెం తీసిన చప్పుడు. ఆ తర్వాత బూట్లు... బరువైనవి. నీళ్ల గోలెం దగ్గర ఆగాయి. విప్పిన చప్పుడు. చెంబు ముంచిన చప్పుడు. కాళ్ల మీద నీళ్లు పోసుకున్న చప్పుడు. ఒక చెంబు... రెండు. కాళ్లు కడగనిది అమ్మ ఎవరినీ గడప దాటనిచ్చేది కాదు.

లేవబోయాను. అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. రెండో చెయ్యి గాలిలోకి చాపింది.

"వచ్చినవా నాయినా... గింత సల్లగున్నయేంది నీ చేతులు..."

గడపలో ఎవరూ లేరు. నేను చూశాను. గాలిలో ఆమె వేళ్లు మాత్రం దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి. కాసేపు అట్లాగే ఉన్నాయి... మెల్లగా విప్పుకున్నాయి. అంతే.

బయటికి వెళ్లి లైటు వేశాను. గేటుకు గొళ్లెం పెట్టే ఉంది. గోలెం పక్కన బండ తడిసి ఉంది.

తొమ్మిదీ నలభైకి ఫోన్.

"అక్కా, నేనింకా లేహ్‌లనే ఉన్న. పగటీలి గాలి లేచింది, విమానం పోలే. ఈడ పొద్దుగాల్నే పోతయంట. ఫోన్ల చార్జింగ్ లేకుండె. అమ్మెట్లుంది?"

దూరం కొలిచాను. గాలిని అడగలేదు.

"నీకోసం ఆగింది రాజం."



"ఎందాక ఆగిందక్కా?"

"నేను చెప్పిన టైమ్ దాక."

వాడు మర్నాడు సాయంత్రం నాలుగింటికి ఇల్లు చేరాడు. ఆ రాత్రి వచ్చింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. రేపు నాలుగింటికి వస్తాడని చెప్పి ఉంటే అందాకా ఉండేదేమో... అదీ తెలియదు.

పోయినవి ఇవి. అమ్మ. తమ్ముడికి ఆమెతో దక్కాల్సిన ఒక్క మాట. పద్దెనిమిది గంటల యాభై నిమిషాలు.