చుక్కాని పట్టిన చెయ్యి

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. చిన్నప్పుడు శ్మశానం పక్కనుంచే ట్యూషన్‌కి వెళ్ళొచ్చేవాణ్ణి. అయినా నేను చెప్పబోయే దాంట్లో దయ్యమంటూ ఎవరూ లేరు. ఆ పొద్దున ఆయన బతికే ఉన్నారు. నన్ను పీడించేదీ అదే.

తొంభైల చివర్లో పాలకొల్లులో నాకు చిన్న ఫొటో స్టూడియో ఉండేది. నరసాపురం దిగువన గోదావరి మీద కుర్రాళ్ళ సంఘం ఒకటి తెరచాప పడవల పందెం పెట్టి, నన్ను ఫొటోలు తీయమంది. ఇంజన్ పడవ మాత్రం వద్దన్నారు. అది లేపే అలలకి పందెం పడవలు చెదిరిపోతాయట. అందుకని దానియేలు బాబాయి చిన్న తెరచాప పడవ అడిగాను.

ఆయన మా నాన్నగారి స్నేహితుడు. నాకు పడవ నడపడం నేర్పింది ఆయనే. ఆయన నడపాలి, నేను ఫొటోలు తీయాలి అనుకున్నాం. ఈలోగా ఆయనకి గుండెనొప్పి వచ్చి పాలకొల్లు ఆసుపత్రిలో చేర్చారు. చూడ్డానికి వెళ్తే, "పడవ తీసుకెళ్ళరా. ఒక్కడివే, జాగ్రత్త. వంపు దగ్గర ఇసుక మేటుంది," అన్నారు.

పందెం రోజు పొద్దున్నే ఒక్కణ్ణే బయల్దేరాను. ఒక చేత్తో చుక్కాని, ఇంకో చేత్తో తెరచాప తాడు పట్టుకుంటే కెమెరాకి చెయ్యి మిగలదు. కాసేపు నడిపి, తెరచాప దించి, ఫొటో తీసుకుని, మళ్ళీ ఎత్తాలనుకున్నాను.

పందెం మొదలయ్యాక అదంతా మర్చిపోయాను. పడవలన్నీ గాలికి ఒక పక్కకి ఒరిగి, తెరచాపలు పొంగించుకుని నా వైపే వస్తున్నాయి. చుక్కాని వదిలేసి రెండు చేతులా కెమెరా పట్టుకున్నాను.

అలా వదిలేస్తే పడవ గాలికి ఎదురు తిరగాలి, తెరచాప టపటపా కొట్టుకోవాలి. అదేమీ జరగలేదు. ముందున్న పందెం పడవ పక్కనే, అదే ఎడంలో తిన్నగా సాగింది. గాలి కలిసొచ్చిందనుకున్నాను. కెమెరాలో ఫిల్ము రోలు అయిపోతే, వంచిన తల ఎత్తకుండా ఇంకోటి ఎక్కించాను.

వంపు దగ్గరికి వచ్చాక మేట గుర్తొచ్చింది. గబుక్కున వెనక్కి తిరిగాను. చుక్కాని కర్ర మెల్లగా పక్కకి జరుగుతోంది. వదులుగా పడివున్న తాడు ఎవరో లాగినట్టు బిగిసింది. పడవ మేట అంచు తప్పుకుని లోతు నీళ్ళలోకి వచ్చేసింది. చుక్కాని మీద చెయ్యి వేశాను. దాన్ని అప్పటికే ఇంకెవరో పట్టుకుని ఉన్నట్టు తెలిసింది. నన్ను నెట్టలేదు, నాకు వదలనూ లేదు.

భయమేసింది. కానీ భయం వెనకాలే, ఇంకొన్ని ఫొటోలు తీసుకోవచ్చన్న ఆశ పుట్టింది. చెయ్యి తీసేసి మూడో రోలు ఎక్కించాను. పందెం అయ్యేదాకా మళ్ళీ చుక్కాని ముట్టుకోలేదు.

పడవ కట్టేసి, బస్సెక్కి నేరుగా ఆసుపత్రికి వెళ్ళాను. బాబాయి భార్య మరియమ్మ పిన్ని తడిగుడ్డతో ఆయన మొహం తుడుస్తోంది.

"పొద్దున్నించీ నిద్దట్లోనే చెయ్యి ఊపేస్తున్నారు బాబూ. నర్సమ్మగారు పట్టుకున్నా ఆగలేదు. మేట, మేట అని ఒకటే కలవరింత. ఒళ్ళంతా చెమటే," అంటూ ఆయన అరచెయ్యి తిప్పి చూపించింది. తాడు ఒరుసుకున్నట్టు అడ్డంగా ఎర్రగా కమిలిన చార.

బాబాయి కళ్ళు తెరిచారు. "ఏరా, ఫొటోలు బాగా వచ్చాయా?"

"వచ్చాయి బాబాయ్."

"చాలాసేపు తీశావురా," అన్నారు. గొంతులో కోపం లేదు. బాగా అలిసిపోయి ఉన్నారు, అంతే.

మర్నాడు తెల్లారేసరికి పోయారు. గుండె అప్పటికే బాగా దెబ్బతిందనీ, ఎవరూ చెయ్యగలిగింది లేదనీ డాక్టరుగారు అన్నారు. చర్చిలో ప్రార్థన అయ్యాక పిన్ని నా చెయ్యి పట్టుకుని, "నువ్వంటే ఎంత ప్రాణమో ఆయనకి," అంది. పడవలో జరిగింది చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆ తర్వాతా చెప్పలేదు.

నాకు నేను సర్దిచెప్పుకోవాలని చాలా చూశాను. ఆ రోజు గాలి ఒక్క తీరుగా వీచిందేమో. ఆయన నిద్రలో పందెం కలగన్నారేమో. మంచం ఊచ గట్టిగా పట్టుకుంటే ఆ చార పడిందేమో. దేనికది విడిగా నమ్మబుద్ధేస్తుంది. అన్నీ ఒక్క పొద్దునే ఎలా కలిశాయో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఎవరు నడిపినా, ఎలా నడిపినా, ఆ చుక్కాని నేను చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లోనే ఉంది.