సున్నాల సిరాజ్ చాచా

సిరాజుద్దీన్‌కు ఒక్కటే పిచ్చి. కంటికి ఏ మచ్చ కనవడ్డా దాని చుట్టు సున్న చుట్టి పక్కన తారీఖు ఏస్తడు. గోడ మీద బీట గాని, తలుపుకు పట్టిన చెద గాని, మనిషి మీద లేచిన కురుపు గాని, ఆయనకు అన్నీ ఒక్కటే. జేబుల నీలి బాల్‌పెన్ను, చెవి మీద సుద్దముక్క లేకుండ గడప దాటడు. కిషన్‌బాగ్‌ల ఆ గల్లీకి వచ్చి సిరాజుద్దీన్ సాబ్ ఇల్లేదని అడిగితే పోస్ట్‌మ్యాన్ కూడ బుర్ర గోక్కుంటడు. సున్నాల చాచా అంటె మాత్రం చిన్నపిల్లలు సుత చెయ్యి పట్టుకోని తీస్కపోతరు.

దర్జీ జగదీశ్వర్ ముక్కు మీద ఒకసారి సెగగడ్డ లేచింది. మధ్యాన్నం మిషను మీదనే తల వాల్చి కునుకు తీస్తుంటె, చాచా పోయి గడ్డ చుట్టు సున్న చుట్టి, పక్కన "9-2" అని రాసి సప్పుడు చెయ్యకుండ వచ్చిండు. ఆ సాయంత్రమే జగదీశ్వర్ బామ్మర్ది పెండ్లి. పాపం అద్దం చూసుకోకుండ ఉరికిండు. పెండ్లి ఆల్బమ్‌ల ఇప్పటికీ ప్రతి ఫొటోల ముక్కు మీద తారీఖు పెట్టుకోని నవ్వుతుంటడు. తెల్లారి వచ్చి, "ఏంది చాచా ఇది? నా ముక్కేమన్న రోడ్డా?" అని లొల్లి పెట్టిండు. చాచా కండ్లద్దాలు సవరించుకోని, ముక్కు కాడ మొహం పెట్టి చూసి, "గీత దాటలే. ఫికర్ లేదు, పో," అన్నడు.

మూలింటి విమలాదేవి కాలు వాస్తె, వాపు చుట్టు గీత గీసిండు. కొత్త కారు కొన్నోని కారుకు సొట్ట పడితె, ఆ సొట్ట చుట్టు సుద్దతోని సున్న చుట్టి తారీఖు ఏసిండు. ఆ కారాయన గల్లీ చివరిదాక తరిమిండు. చాచా ఉరుక్కుంటనే, "అరే భాయ్, గది నువ్వు చూడలేదేమో అని!" అని అరిసిండు.

ఈ పిచ్చి ఊరికెనే పుట్టలే. ముప్పై ఏండ్లు నల్లా నీళ్ల ఆఫీసుల పని చేసిండు. రోడ్డు మీద చెమ్మ కనవడితె దాని చుట్టు గీత గీసి తారీఖు ఏసుడే ఆయన డ్యూటీ. తెల్లారి చెమ్మ గీత దాటితె కింద పైపు పగిలినట్టు, తవ్వాలె. దాటకపోతె ఎవరో బకెట్ ఒలకవోసినట్టు, ఇంటికి పోవచ్చు. రిటైరై ఏడేండ్లైంది. సున్నం డబ్బా ఆఫీసులనే ఉండిపోయింది గని, చెయ్యి మాత్రం ఇంటికొచ్చింది.

గల్లీల అందరు నవ్వుకునేటోళ్లే. ఎదురింటి భాగ్యశ్రీకి మాత్రం ఆ పెన్ను చూస్తెనే ఒళ్లు మండేది. అసలు ఆమెకు ఆ మధ్య దేన్ని చూసినా ఒళ్లు మండేది. నయాపూల్ దగ్గర చీరెల షాపుల నౌకరి. పొద్దంత నిలవడి, కొననోళ్లకు చీరెలిప్పి చూపెట్టి నవ్వి నవ్వి, ఇంటికొచ్చేసరికి ఆమె దగ్గర నవ్వు మిగిలేది కాదు. మొగడు శ్రవణ్‌కుమార్ లిఫ్టులు బాగు చేస్తడు. తల్లి చెప్పింది విని సరే అంటడు, పెండ్లాం చెప్పింది విని సరే అంటడు. ఆ రెండు సరేలు మాత్రం ఎన్నడూ కలవయి.

అత్త లీలమ్మ ఆ యేడు బోనాలకు మేకపోతును మొక్కుకున్నది. నెల ముందుగాలనే తెచ్చి వాకిట్ల కట్టేసింది. రెండర్రల ఇల్లు, రెండేండ్ల పిల్ల కీర్తిప్రియ, దాని నడుమ మేక. "అత్తమ్మా, పిల్ల ఆడుకునే జాగల మేకను కడితె ఎట్ల?" అన్నది భాగ్యశ్రీ. "మొక్కును తప్పువడుతున్నవా?" అన్నది లీలమ్మ. మాట మీద మాట లేచింది. ఆఖరుకు లీలమ్మ, "ఇయ్యాల్టి సంది నీతోని మాట్లాడితె నా పేరు లీలమ్మనే కాదు," అని ఒట్టు పెట్టుకున్నది. భాగ్యశ్రీ కూడ, "మంచిది, చెవులకు సుఖం," అన్నది. అప్పటి సంది మాటల్లేవు.

కాని ఒక్క ఇంట్ల ఉన్నంక చెప్పుకునేటివి ఉంటయి గదా? లీలమ్మ మేకకు చెప్పేది. "ఓ మేకా, అన్నం వండిన. తినేటోళ్లు తినొచ్చు." భాగ్యశ్రీ బిడ్డకు చెప్పేది. "కీర్తీ, నాకు ఆకలైత లేదని చెప్పు." రెండేండ్ల పిల్ల, దానికేం తెల్సు? మేక దిక్కు చూసి "మే" అనేది. మేక కూడ "మే" అనేది. ఆ ఇంట్ల సక్కగ మాట్లాడుకునేది వాళ్లిద్దరే.

ఒక గురువారం పొద్దుగాల కీర్తి చెవి వెనక, వెంట్రుకల మొదట్ల, చిన్న నల్ల చుక్క కనవడ్డది. భాగ్యశ్రీ చూసింది. అత్త పెట్టిన దిష్టి చుక్క అనుకున్నది. ఎవరి దిష్టట? కన్నతల్లి దిష్టా? తుడిచేద్దామని చెయ్యి చుక్క దాక పోయింది. మళ్ల ఆగింది. తుడిస్తె, "చూడు మేకా, నా చుక్కనే తుడిచింది," అంటది. ఆ మాట పడుడెందుకు? ఉండనీ అని వదిలేసి నౌకరికి పోయింది.

లీలమ్మ కూడ చూసింది. కోడలు పోయేటప్పుడు పెట్టిన చుక్క అనుకున్నది. ఇంట్ల నేనున్నంగ పిల్లకు ఎవరి దిష్టి తగుల్తదట? నా దిష్టా? స్నానం చేయించేటప్పుడు ఒళ్లంత రుద్దింది గాని, ఆ చుక్క కాడ మాత్రం చెయ్యి పక్కకు తిప్పింది. అది చెరిగితె కోడలు నోరు చూడాలె గదా! ఇద్దరు ఆడోళ్ల రోషం నడుమ ఆ చుక్క సుఖంగ కూసున్నది.

శుక్రవారం సాయంత్రం భాగ్యశ్రీ జరంత జల్ది ఇంటికొచ్చింది. వాకిట్ల చాచా కూసోని ఉన్నడు, ఒళ్లె కీర్తి. పిల్ల చెవి వెనక నీలి సున్న. మెడ మీద తారీఖు, "27-6, 5:30".

ఇగ పట్టపగ్గాల్లేవు. పదకొండు రోజులు అత్త మీద ఆపుకున్నదంత చాచా మీద ఒలకవోసింది.

"నా బిడ్డ నీకు పగిలిన పైపు లెక్క కనవడుతుందా? నీకు ఇంట్ల దిక్కులేక గల్లీల పడ్డవా? ఇంకోసారి నా గడపల కాలు పెడితె మర్యాద ఉండదు!"

గల్లీ అంత తలుపులు తెరిచి చూసింది. చాచా పెన్నుకు మూత పెట్టిండు. పిల్లను మెల్లగ కింద దింపి, "మాఫ్ చెయ్ బేటా," అని ఎదురింట్లకు పోయిండు. మూడేండ్ల కింద పెండ్లాం పోయిన మనిషిని ఆ మాట అన్ననే అని భాగ్యశ్రీకి అన్నంకనే తట్టింది. తట్టినా, అన్నమాట ఎనకకు తీసుకునే బుద్ధి ఆ రోజులల్ల ఆమెకు లేదు. సబ్బు పెట్టి సున్న రుద్దింది. బాల్‌పెన్ను రంగు అంత సులువుగ పోతదా? సగం పోయి సగం మిగిలింది. చుక్కను మాత్రం ముట్టలే.

ఆదివారం పొద్దుగాల ఇంట్ల ముగ్గురు మూడు దిక్కుల కూసోని చాయ్ తాగుతున్నరు. చాచా వచ్చిండు. గడప ఎక్కలే. రోడ్డు మీదనే నిలవడి చేతులు కట్టుకున్నడు.

"గడపల కాలు పెట్టలే బేటా, చూసుకో. ఒక్క మాట అడిగి పోత. కాటుక పెరుగుతదా?"

"ఏం మాట అది?" అన్నది భాగ్యశ్రీ.

"నిన్న సాయంత్రం పిల్ల మా వాకిట్ల ఆడుతుంటె చూసిన. శుక్రవారం చుక్క సున్న నడుమ ఉండె. నిన్న గీతను తాకింది. చెమ్మ గీత దాటితె కింద పైపు పగిలినట్టే. నాకు రాత్రంత నిద్ర లేదు. కాటుక పెరుగుతదా, చెప్పు."

భాగ్యశ్రీ పిల్లను గుంజుకోని చెవి మడిచి చూసింది. ఆవగింజంత ఉన్న చుక్క శనగగింజంత ఐంది. నల్లగ లేదు, బూడిద రంగుకు తిరిగింది. కింద సన్నగ కాళ్లు కదిలినయి.

"అత్తమ్మా! మీరు పెట్టిన చుక్క కాదా ఇది?"

"నేనేడ పెట్టిన? నువ్వు పెట్టలేదానే?"

పదమూడు రోజులకు మాట్లాడిన మొదటి మాటలు అవ్వి. మేకలకు పట్టే గోమారి పురుగు మూడు రోజుల సంది పసిపిల్ల నెత్తురు తాగుతుంటె, ఇద్దరు ఆడోళ్లు దాన్ని కడగకుండ, తుడవకుండ, మర్యాదగ సాదిన్రు. లీలమ్మ నెత్తి కొట్టుకున్నది. భాగ్యశ్రీకి తన మీద తనకే అసహ్యమేసింది. శ్రవణ్‌కుమార్ మాత్రం, "నేను అమ్మ పెట్టిందనుకున్న, మళ్ల భాగ్య పెట్టిందనుకున్న," అన్నడు. ఆయన సరేలు అట్లనే ఉంటయి.

గల్లీ అంత జమైంది. ఒకామె కిరసనాయిలు పొయ్యమన్నది. ఒకాయన అగరుబత్తితోని చురక పెట్టమన్నడు. ఇంకొకామె సున్నం తెచ్చింది. చాచా రోడ్డు మీది నుంచే గొంతు చించుకున్నడు. "ఎవ్వరు ముట్టొద్దు! నాకు పైపులు తెల్సు, పురుగులు తెల్వయి. మీకు సుత తెల్వయి. దవఖానకు నడువుండ్రి!"

గల్లీ చివర క్లినిక్‌ల నర్సు వెస్లీ ఉన్నడు. సన్నమూతి చిమ్టా తీసిండు. "అగ్గి, నూనె, సున్నం ఏం పెట్టలేదు గదా? మంచి పని చేసిన్రు. ఏది పెట్టినా అది లోపలిదంత పిల్ల ఒంట్లకే కక్కుతది," అన్నడు. చర్మానికి ఆనించి తల కాడ పట్టుకోని, తిప్పకుండ, నలపకుండ, మెల్లగ సీదా పైకి గుంజిండు. కీర్తి ఒక్క కేక పెట్టింది. పురుగు తలతోని సహా వచ్చింది. దాన్ని చిన్న డబ్బల ఏసి మూత పెట్టి, కుట్టిన జాగను సబ్బుతోని కడిగి మందు రాసిండు.

"ఎన్నటి సంది ఉన్నది?" అని అడిగింది లోపలి నుంచి వచ్చిన డాక్టరమ్మ.

అత్త కోడలు దిక్కు చూసింది. కోడలు అత్త దిక్కు చూసింది. వెస్లీ పిల్ల మెడ మీద సగం చెరిగిన అంకెలు చూపెట్టి, "మేడమ్, ఇరవై ఏడు అని రాసి ఉన్నది," అన్నడు.

"గురువారం మొదలు చూసినం," అన్నది భాగ్యశ్రీ, తల దించుకోని.

"రెండు మూడు వారాలు కనిపెట్టుకోని ఉండండి. జ్వరం వచ్చినా, చేతుల మీద కాళ్ల మీద ఎర్ర చుక్కలు లేచినా ఆ గంటలనే తీసుకురండి. గోమారి కుట్టిందని ముందుగాల చెప్పండి. చెప్పకపోతె ఎవరన్నా మామూలు జ్వరమే అనుకుంటరు."

మేక ఆ దినమే లీలమ్మ తమ్మునింటికి పోయింది. తొమ్మిదో రోజు, భాగ్యశ్రీ షాపుల ఎవరికో పట్టుచీరె ఇప్పి చూపెడుతుంటె ఫోన్ మోగింది. అత్త ఆమెకు ఫోన్ చేసుడు పెండ్లైన కాడి నుంచి అది రెండోసారి.

"భాగ్యా, పిల్ల ఒళ్లు కాలుతుంది. మణికట్టు కాడ ఎర్ర చుక్కలు లేచినయి. నేను తీస్కపోతున్న, నువ్వు సీదా క్లినిక్‌కే రా."

చీరె అట్లనే వదిలేసి ఉరికింది. ఆమె పోయేసరికే లీలమ్మ డాక్టరమ్మకు అంత చెప్పేసింది. గురువారం చూసినం, ఆదివారం తీపిచ్చినం, మేకది. చాచా పక్కన బల్ల మీద కూసోని పిల్ల అరికాళ్లు పట్టుకున్నడు. మందు ఆ పూటనే మొదలైంది. "ముందుగాల చెప్పిన్రు కాబట్టి సరిపోయింది. నాలుగు రోజులు ఆగి వస్తె ఏమయ్యేదో నేను చెప్పలేను," అన్నది డాక్టరమ్మ. భాగ్యశ్రీ గోడకు ఆనుకోని నిలవడ్డది.

మూడో రోజుకు జ్వరం దిగింది. కీర్తి అన్నం అడిగింది. ఆ సాయంత్రం భాగ్యశ్రీ ఎదురింటికి పోయి చాచా ముందట నిలవడ్డది. క్షమాపణ నోటి దాక వచ్చింది గని బయటికి రాలే. ప్రశ్నే వచ్చింది.

"చాచా, ఆ రోజు అది గోమారి అని మీకు తెల్సా?"

"లేదు బేటా. నేను కూడ కాటుకే అనుకున్న."

"మరి కాటుక చుట్టు సున్న ఎందుకు చుట్టిన్రు?"

చాచా పెన్నును జేబుల పెట్టుకున్నడు.

"మీరిద్దరు మాట్లాడ్త లేరు గదా. సున్న చూస్తె నువ్వు ఆమెను అడుగుతవు, ఇదేంది అని. ఆమె నిన్ను అడుగుతది. ఇద్దరు కలిసి నన్ను తిడ్తరు అనుకున్న. నువ్వొక్కదానివే తిట్టినవ్."

చాచా వేలితోని మూలిల్లు చూపెట్టిండు.

"విమలాదేవి కొడుకులు తల్లి మొహం చూసి నెలలైతుండె. కాలుకు గీత గీసిన. ఇదేందమ్మా అని అడిగిన్రు, దవఖానకు తీస్కపోయిన్రు. సున్న నాకోసం కాదు బేటా, ఇంటోళ్లు అడగాలని. ముప్పై ఏండ్లు రోడ్డు మీద చెమ్మ చూసిన నేను, ఇంట్ల మా ఆమె కాలు మీద పుండు చూడలే. ఆమె చెప్పలే, నేను అడగలే."

"మరి జగదీశ్వరన్న ముక్కు?"

"వాని ముక్కా?" చాచా ముసిముసి నవ్విండు. "అది ఊకెనే. దిల్ ఆగలే."

భాగ్యశ్రీ కండ్లు తుడుచుకోని, చెయ్యి పట్టుకోని ఇంట్లకు గుంజుకొచ్చింది. గడప కాడ ఆయన ఆగితె, "లోపలికి రాండ్రి అంటున్న గదా!" అని గద్దించింది. కుర్చీ ఏసి చాయ్ పెట్టింది. లీలమ్మ వంటింట్ల నుంచి అరిసింది.

"గన్ని చెంచాలు ఏస్తున్నవేందే? సిరాజ్ భాయ్‌కి షుగరున్నది!"

"మీరు చెప్తె గదా నాకు తెలిసేది!"

"అన్నీ నేనే చెప్పాలెనా? నీకు నోరు లేదా అడగనీకి?"

"ఇంట్ల ఉన్నది మీరు, నేను పొద్దంత షాపుల చస్తున్న!"

గొంతులు లేచినయి. గల్లీల రెండు కిటికీలు తెరుచుకున్నయి. చాచా సగం లేచి, "నేను పోతనమ్మా..." అన్నడు.

"కూసోండ్రి!" అన్నరు ఇద్దరు, ఒక్క గొంతుతోని.

చాచా బుద్ధిగ కూసున్నడు.

"అసలు షుగరు గోళీలు యాల్లకు మింగుతున్నవా?" అన్నది లీలమ్మ.

"ఒంటి మీద సోయి లేదు గని, ఊరందరి కురుపులు కావాలె ఈయనకు," అన్నది భాగ్యశ్రీ.

"పగటీలి ఏం తిన్నవ్, సక్కగ చెప్పు."

"చెప్పరు అత్తమ్మా, అబద్ధం ఆడుతరు."

ఇద్దరు కలిసి ఎడాపెడా తిడ్తనే ఉన్నరు. చాచా చక్కెర లేని చాయ్ ఊదుకుంట తాగిండు. కప్పు ఐపోయినంక మెల్లగ, "ఇంకొక కప్పు," అన్నడు.