హెల్మెట్ తీసేసిన నాటకకర్త

2022 అక్టోబరు. సౌదీలోని యాన్బులో ఒక రిఫైనరీ షట్‌డౌన్, అంటే ప్లాంటు మొత్తం ఆపేసి ఒళ్ళంతా విప్పి బాగుచేసే రోజులు. నేను సేఫ్టీ ఆఫీసర్ని. ఇంజనీరు పనయ్యేదాకా భయపడతాడు, సేఫ్టీ ఆఫీసరు పనయ్యాక కూడా భయపడతాడు. ఆ షట్‌డౌన్‌లో నేను పడ్డ భయాన్ని ఓడకెక్కిస్తే ఎర్రసముద్రం నీటిమట్టం పెరిగేది.

రోజూ పని మొదలయ్యే ముందు 'టూల్‌బాక్స్ టాక్' ఉంటుంది. పనివాళ్ళను నిలబెట్టి ఆనాటి ప్రమాదాల గురించి కాసేపు చెప్పాలి. చెప్పేది ఎప్పుడూ ఒకటే కాబట్టి వాళ్ళు నిలబడే నిద్రపోవడం నేర్చుకున్నారు. ఆ వేళ ఆకాశాన్ని గీరుతున్న ఒక ఉక్కు కాలమ్ చుట్టూ ఉన్న స్కాఫోల్డింగ్, అంటే ఇనుప పైపుల పరంజా, విప్పాలి. పైనుంచి ఇనుప క్లాంపు జారిందంటే కింద తల మిగలదు. ఎలాగైనా వాళ్ళను మేల్కొలపాలని, డిగ్రీలో చదివిన ఓ ప్రాచీన గ్రీకు విషాద నాటకకర్త కథ అందుకున్నాను. పేరు మాత్రం చెప్పలేదు. పలకబోయి నాలుక బెణికితే ఆ ప్రమాదం రిపోర్టు రాయాల్సిందీ నేనే.

"రెండున్నర వేల ఏళ్ళ కిందటి మాట. అప్పటిదాకా నాటకంలో నటుడు ఒక్కడే, వెనక పాడేవాళ్ళ గుంపు. ఎదురు మాట్లాడే రెండోవాణ్ణి వేదిక ఎక్కించింది ఈయనే. ఎన్నో నాటకాలు రాస్తే మనదాకా వచ్చినవి ఏడే. ఒకదాంట్లో, పరదేశంలో యుద్ధం గెలిచి ఇంటికొచ్చిన రాజుని పెళ్ళామే స్నానం చేస్తుండగా చంపేస్తుంది."

"అట్లయితె నేను ఈ యేడు ఛుట్టీ పెట్ట సార్," అన్నాడు యాదగిరి. కరీంనగర్ వైపు మనిషి, స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్. ఆయన బట్టతల మీద ఎండ పడితే జెడ్డా నుంచి వచ్చే విమానాలు దారి మళ్ళాల్సిందే.

అందరూ నవ్వారు. నేను రెచ్చిపోయాను. "పైనుంచి ఏదో పడి చస్తావని ఆ పెద్దాయనకి జోస్యం చెప్పారట. ఇంట్లో ఉంటే కప్పు కూలుతుందని ఆరుబయట కూర్చున్నాడు. పైన గద్ద, దాని కాళ్ళలో తాబేలు. ఈయన గుండు చూసి బండరాయనుకుని, డిప్ప పగలడానికి వదిలింది!"

గ్యాంగు గ్యాంగంతా పొట్టలు పట్టుకుంది. నేను కాలరెగరేశాను.

కాసేపటికి కాలమ్ దగ్గరికి వెళ్తే నా గుండె బూట్లలోకి జారింది. పైన విప్పుతున్నారు, కింద యాదగిరి తలెత్తి కేకలేస్తున్నాడు, హెల్మెట్ నడుముకు వేలాడుతోంది. పైన ఉన్నవాళ్ళలో సగంమంది తలల మీదా హెల్మెట్లు లేవు.

"యాదగిరన్నా, హెల్మెట్!"

"మీరే చెప్తిరి గద సార్. బయట కూసున్నా పడ్డది. రాసిపెట్టి ఉంటె ఏం జేసినా పడ్తది. ఇగ ఈ ఉడుకల దీన్ని మోసుడెందుకు?"

పెట్టుకున్నాడు. నేను మలుపు తిరగ్గానే తీశాడు. మళ్ళీ చెప్పాను, మళ్ళీ తీశాడు. వయొలేషన్ రాస్తే సైటులోంచి పంపించేస్తారు, ఈ దేశంలో ఉండనిచ్చే ఇకామా కార్డు పోతుంది. రాయకపోతే మనిషే పోవచ్చు. పైన స్పానర్ టంగుమన్నప్పుడల్లా నా కళ్ళు మూసుకుపోతున్నాయి. నిన్నటిదాకా నిద్రపోతూ అయినా హెల్మెట్ పెట్టుకున్న మనుషులు! వీళ్ళను మేల్కొలిపి తీయించింది నేనే.

ఇక ఉండబట్టలేక విజిల్ ఊదాను. 'స్టాప్ వర్క్', అంటే ప్రాణాపాయం ఉందంటే ఎవరైనా పని ఆపించే హక్కు. అందరినీ నీడలోకి పిలిచాను. అవతల ప్రాజెక్ట్ మేనేజరు ఫోనులో అరుస్తున్నాడు, ఆ అరుపుకి ఫోను వేడెక్కి చెవి ఉడికిపోయింది.

"అన్నా, ఆ కథ సగమే చెప్పాను."

"సచ్చినంక గూడ ఉన్నదా సార్?"

"ఉంది. ఆయన సమాధి మీద నాటకాల ఊసే లేదట. పారశీకుల మీద యుద్ధంలో పోరాడాడని మాత్రం రాశారట."

"నాటకాలోడు యుద్ధానికి పోయిండా?"

"వెళ్ళాడు. బాణాలు వాన కురిసినట్టు కురిశాయి. పక్కవాళ్ళు పడిపోయారు. ఈయన ఇంటికొచ్చి, ఆ తర్వాత ఏళ్ళ తరబడి నాటకాలు రాశాడు. అన్ని బాణాల్లో బతికినప్పుడు ఆయన నెత్తిమీద ఏముండాలి?"

యాదగిరి చెయ్యి నడుముకున్న హెల్మెట్ మీదికి వెళ్ళింది. జవాబు నేనే చెప్పాను. "యుద్ధంలో సిపాయిలకి కంచు టోపీ ఉండేది. తాబేలు పడ్డనాడు ఉత్త గుండే."

యాదగిరి కాలమ్ కేసి చూశాడు. "గీ ముచ్చట ముందుగాల చెప్పద్దా సార్? పొద్దటిసంది పోరగాళ్ళను గట్లనే ఎక్కించిన," అన్నాడు మెల్లగా. హెల్మెట్ పెట్టుకుని గడ్డం కింద పట్టీ బిగించాడు. తరవాత గ్యాంగు మీద విరుచుకుపడ్డాడు: "ఏందిరా చూస్తున్నరు? నెత్తులు ఫ్రీగ వచ్చినయా? పెట్టుకోన్రి!"

ఆఖరి పలక దిగేదాకా అక్కడే నిలబడ్డాను. ఏమీ పడలేదు. మా వృత్తిలో ఘనవిజయం అంటే ఏమీ జరగకపోవడం, అందుకే మాకు చప్పట్లు ఉండవు.

మర్నాడు యాదగిరి నన్ను పక్కకి జరిపి, కొత్తగా వచ్చిన బంగ్లాదేశీలకు హిందీలో ఆ కథ తనే చెప్పాడు. ఆయన కథలో నాటకకర్త స్కాఫోల్డింగ్ ఫోర్‌మన్. చెమట తుడుచుకోవడానికి ఒక్క నిమిషం హెల్మెట్ తీశాడు, అంతే. నేను సరిదిద్దలేదు. నవ్వులు రాగానే కథ ఆపేయకూడదని, విన్నవాళ్ళు దాన్ని ఎక్కడికి మోసుకెళ్తున్నారో వెంట వెళ్ళి చూడాలని నాకు ఆ కాలమ్ కింద తెలిసింది. వాళ్ళు నాకన్నా శ్రద్ధగా వింటారు.