వాళ్లమ్మవై మాట్లాడు

ఆదివారం పొద్దున ఉప్పల్ నుంచి మా పాత సార్ వాళ్ల మేడమ్ ఫోన్ చేశారు. "మీ సార్ పోయిండమ్మా. నిద్రలనే పోయిండు" అన్నారు. ఆమెతో తర్వాత ఏం మాట్లాడానో నాకు గుర్తులేదు.

పోలీసు శాఖలో ఉగ్రవాద కేసులు చూసే విభాగంలో నాకు పని నేర్పింది ఆయనే. ఇంటర్నెట్‌లో అందరికీ కనబడే పోస్టులు, ఫోటోలు వెతికి, వాటిలో కేసులో నిలబడేదేదో తేల్చడం మా పని. ఏది దొరికినా ముందు భద్రపరచాలి, తర్వాతే చదవాలి. సార్ టైపింగ్ మాత్రం ఒంటి వేలితోనే. తొందరపెడితే, "నీకేమన్న బస్సు పోతున్నదా?" అనేవారు.

ఆయనకో పద్ధతి ఉండేది. ఎవరినైనా అరెస్టు చేసే ముందు మాలో ఒకరు ఆ మనిషి తల్లిగా కూర్చుని వాదించాలి. మేం చాటుగా నవ్వుకునేవాళ్లం.

ఒకసారి పేలుళ్లు జరుగుతాయని బెదిరిస్తున్న ఖాతా ఒకటి మా కంటబడింది. అందులో ఒక డాబా ఫోటో, వెనక మౌలాలి గుట్ట. ఆరా తీస్తే అది నాచారంలో ఒక ఫ్యాక్టరీ కార్మికుడు అద్దెకుండే ఇల్లు. ఖాతా పేరూ అతనిదే. ఇంకేం, దొరికాడనుకున్నాం. విచారణకు తీసుకొచ్చేసరికే కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో అతని ముఖం తిరుగుతోంది.

"వాళ్లమ్మవై మాట్లాడు బిడ్డా" అన్నారు సార్ నాతో.

"మా కొడుకు గసొంటోడు గాదు సార్."

"అమ్మలందరు గదే అంటరు. ఇంకేమన్న సెప్పు."

"ఫోటో మావోడే తీసిండు గావచ్చు. గా ఖాతాల మావోడే పెట్టిండని ఎట్లంటరు?"

సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "గదీ. పో, దేవులాడు."

వెతికితే అదే ఫోటో అంతకు ముందే ఇంకోచోట ఉంది. రూమ్‌మేట్ కావాలని అతను పేరుతో సహా పెట్టిన ప్రకటనలో. దాన్ని ఎత్తుకెళ్లి ఖాతా నడిపినవాడు తర్వాత వేరే ఊళ్లో పట్టుబడ్డాడు.

అతన్ని వదిలేశాం. కానీ ఇంటి ఓనరు గది ఖాళీ చేయమన్నాడు. "గ్రూపుల తిరిగినదాన్ని ఎనక్కి తెచ్చుడు మనతోని గాదు" అన్నారు సార్.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని నాచారం వెళ్లారు. ఎప్పుడూ మామూలు బట్టల్లో తిరిగే మనిషి ఆ రోజు యూనిఫాం వేసుకున్నారు. జీపు వీధి మొదట్లోనే ఆపించి, అతన్ని గదిలోంచి అక్కడికి పిలిపించారు. సార్ అంటే నాకు ప్రాణమైంది ఆ రోజే. మిట్టమధ్యాహ్నం ఎండలో, అతని భుజం మీద చెయ్యేసి, ఇస్త్రీ బండి దగ్గర ఆగి, టైలరు షాపు దగ్గర ఆగి, తల దించుకున్న అతనితో అంటున్నారు: "జర మెల్లగ నడువు తమ్మీ. అందర్ని సూడనీ."