షీబా లైట్లు, తిరుమలరావు అడుగులు

షీబా రాయ్‌పూర్ దగ్గరి స్టీలు ప్లాంటులో మీటర్లు బాగుచేసే టెక్నీషియన్. చర్చిలో క్రిస్మస్ నాటికలకు లైట్లు పెట్టి పెట్టి ఆ పనిలో ఆమెకు చెయ్యి తిరిగింది. సంగతి తెలిసి 1997లో సెక్టర్ 7 తెలుగువాళ్ల నాటక బృందం ఆమెను పిలిచింది. ఆ బృందానికి రచయిత, దర్శకుడు, కథానాయకుడు అన్నీ ఫోర్‌మన్ తిరుమలరావే.

లైట్ల ఎంపిక దగ్గరే గొడవ మొదలైంది. చిన్న వేదిక, కథంతా ఒక్క ఇంట్లోనే. ముఖాలు కనిపించడానికి నాలుగు, పక్కల నుంచి రెండు, మంచం మీదికొకటి, గుమ్మం మీదికొకటి చాలని షీబా కాగితం మీద గీసి చూపించింది.

"రంగులేవమ్మా?" అన్నాడు తిరుమలరావు.

"లేత పసుపు, లేత నీలం ఉన్నాయి కదా బాబాయ్."

"అవీ రంగులేనేటి? పక్కూరు ఉతైలో పెళ్లి బరాత్‌లకి గిర్రున తిరిగే లైట్లిస్తారు. నాలుగు తెమ్మన్నాను."

"తల్లి చనిపోయే సీన్లో అవి తిరిగితే జనం నవ్వుతారు!"

"నవ్వితే నవ్వనీ. సూస్తారా నేదా?"

మూడు రోజులు వాదించి, వాటిని హాలు బయట గేటుకు కట్టించేలా ఒప్పించింది.

రాయ్‌పూర్ నుంచి ఒక చిన్న లైటు బోర్డు అద్దెకు వచ్చింది. ఏ సీనుకు ఏ లైటు ఎంత వెలగాలో ముందే అందులో నింపుకుంటే, ఆట రోజు వరసగా బొత్తాలు నొక్కడమే. షీబా రెండు రోజులు సెలవు పెట్టి పద్దెనిమిది మార్పులు నింపింది. తిరుమలరావు నిలబడాల్సిన ప్రతిచోటా నేల మీద తెల్ల టేపు అంటించి, దాని మీదే నిలబడమంది.

"నాకు సెప్పాలేటి తల్లీ!" అన్నాడాయన.

ఆదివారం సాయంత్రం తెర లేచింది. తిరుమలరావు మొదటి మాటే టేపుకు గజం అవతల, చీకట్లో నిలబడి చెప్పాడు. వెలుగంతా ఖాళీ మంచం మీద పడింది. తర్వాత నాలుగో సీను మరిచిపోయి ఐదులోకి దూకాడు. మధ్యలో గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. షీబా బొత్తాం నొక్కేసరికి నడిరాత్రి సీను ఫెళ్లున తెల్లారింది.

"అప్పుడే పొద్దెక్కిపోనాదేటి?" అంది ముందు వరసలో ఒకావిడ. అందరూ గొల్లుమన్నారు.

షీబాకు ఏడుపొక్కటే తక్కువ. బొత్తాలు వదిలేసి, ఆయన ఎటు పోతే అటు చేత్తో మీటలు తోస్తూ నాటకం ముగించింది.

"ఒక్కసారైనా టేపు చూడలేదేం బాబాయ్?" అంది తెర పడ్డాక.

"ఏడుపొచ్చినప్పుడు ఎవలైనా కిందకి సూస్తారేటి?"

షీబా నేల మీది టేపులన్నీ పీకి ఉండచుట్టింది.

మరుసటి ఏడు మళ్లీ లైట్లు పెట్టమంటూ ఆయన ఆమె ఇంటి గుమ్మంలోకి వచ్చాడు. ఎందుకు ఒప్పుకుందో ఆమెకే తెలియదు. ఈసారి ఒక్కచోటే పడే ఇరుకు వెలుగు లైట్లు ఒక్కటీ తీసుకోలేదు. వేదికంతా పరుచుకునే ఫ్లడ్ లైట్లే ఎంచి, వాటికి ముందు కాంతిని మెత్తబరిచే తెల్ల కాగితం కట్టింది. బోర్డులో మూడే నింపింది: పగలు, సాయంత్రం, రాత్రి. తిరుమలరావు ఇష్టమొచ్చినట్టు తిరిగాడు. ఎక్కడ నిలబడినా ముఖం కనిపించింది. హాల్లో ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు.

తెర పడ్డాక ఆయన చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"అంతా బాగుంది గానీ తల్లీ, ఈసారి నీ లైటింగే తెలీనేదు."

షీబా పళ్లు బిగించి, "థాంక్యూ బాబాయ్" అని నిచ్చెనెక్కింది. ఇంకా చెయ్యి కాలేంత వేడిగా ఉన్న లైట్లను ఒక్కొక్కటే విప్పసాగింది.