కంగారు మొక్క, బుగులు చెట్టు

మా పక్కింటామె పోయింది. తెలంగాణ కోసం సమ్మె జరుగుతున్న రోజులు, బస్సుల్లేవు. ఆసుపత్రి నుంచి ట్రాలీ ఆటోలో తెచ్చారు. ఆ చప్పుడుకి మా ఇంటి మీదికే ఎవరో వస్తున్నారనుకుని తలుపు గడియ పెట్టుకున్నాను. తరువాత ఏడుపులు వినపడ్డాయి.

ఆమె మంచిదని రాయలేను. కొత్తపేటలో ఇన్నేళ్ళు ఒకే గోడకి అటూ ఇటూ ఉన్నా ఒక్కరోజు మెత్తగా మాట్లాడలేదు. మేము కోస్తా నుంచి వచ్చినవాళ్ళమని కోపం. "మీ ఊరికెప్పుడు పోతరు?" అని కూరగాయల బండి దగ్గర నలుగురిలో అడిగేది. ఆ పూట నాకు అన్నం సహించేది కాదు.

గోడ వెంబడి ఆస్ట్రేలియా పూలమొక్కలు పెంచేది. కత్తుల్లాంటి ఆకులు, పొడుగు కాడ, దాని చివర నూగుతో ఎర్రటి పువ్వులు, జంతువు పంజాల్లా. నర్సరీవాళ్ళు కంగారూ పంజా అన్నారట. నాకు కంగారు అని వినపడింది.

"పువ్వుకి కంగారేమిటండీ?" అన్నాను.

ఒకటే నవ్వు. "కంగారును మేం బుగులంటం. బుగులు చెట్టు! నీకోసమే పుట్టింది పో" అని, పొదని విడదీసినప్పుడు ఒక దుంప ముక్క గోడ మీద పడేసింది. ఇచ్చినట్టు లేదు, విసిరినట్టుంది.

మా వైపు అలవాటు కొద్దీ పేడ ఎరువు, ఎముకల పొడి వేసి, బియ్యం కడుగు పోశాను. ఆకులు కొసల నుంచి నల్లబడ్డాయి. గోడ మీంచి చూసి అరిచింది.

"ఏం జేస్తున్నవే? గంత బలం పెడితే సస్తది! మొరంల పెట్టు. మన్ను ఎండినంక నీళ్ళు పొయ్యి. పూసిన కాడ మొదట్ల కోసెయ్."

"ఎరువు లేకుండా ఎలా బతుకుతుందండీ?"

"మీ కాలవ తెలివి ఈడ నడ్వది. బయటి మొక్కనే గాని గీ మొరం దానికి పడ్డది. నువ్వే బత్కనిస్తలేవు."

మొక్కనే అన్నదో, నన్నే అన్నదో. పప్పు మాడేదాకా అదే ఆలోచన. కానీ చెప్పినట్టే కంకర మట్టిలోకి మార్చాను, మొక్క తేరుకుంది.

ఒక బంద్ రోజున కుర్రాళ్ళు కర్రలతో మా గేటు బాదారు. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపొమ్మని అరుపులు. ఉద్యమం కోసం రోడ్డు మీద వంటావార్పు చేస్తున్న ఆమె చేతిలో గరిటెతోనే వచ్చింది.

"ఏందిరా? దీంతోటి కొట్లాడేది నేను. నడుమల మీరెవర్రా? పోండ్రి!"

పోయారు. నేను దణ్ణం పెట్టబోయాను.

"చాల్లే నీ బుగులు. తెలంగాణ ఒచ్చినా నీతోటి కొట్లాట ఆగది" అంది. తెలంగాణ రాకుండానే తను పోయింది.

శవం దగ్గరికి వెళ్ళాలా వద్దా అని గుమ్మంలోనే చాలాసేపు తచ్చాడాను. దొరికిన బండి పట్టుకుని ఊళ్ళ నుంచి వచ్చిన బంధువులు. నోరు తెరిస్తే నేనెక్కడిదాన్నో తెలిసిపోతుంది. ఆఖరికి వెళ్ళి వాకిట్లో నిలబడ్డాను. చాప మీది ముసలామె తలెత్తి, "గామెకు ఏమైతవమ్మా?" అనడిగింది.

"పక్కింటిదాన్నండీ" అన్నాను. ఆ 'అండీ'కి అందరూ తిరిగి చూశారు.

"జర జరుగుండ్రి" అని ముసలామె పక్కవాళ్ళని జరిపి, చాపని అరచేత్తో తట్టింది.