హాజరు పట్టీ కింద నలభై ఒకటి

మొన్న జగిత్యాల బస్టాండులో చేతికర్రతో కుంటుతూ వచ్చిన ఒక మనిషి నా భుజం తట్టి, చాయ్ తాగిస్తానని పక్కకు తీసుకుపోయాడు. సగం గ్లాసు అయ్యాక, ఇన్నేళ్లూ దాచుకున్న ప్రశ్న ఒకటి అడిగాడు. అది అర్థం కావాలంటే సౌదీలోని అల్ ఖర్జ్ నుంచి మొదలుపెట్టాలి.

అక్కడ పాల డెయిరీలకు పశువుల షెడ్లు కట్టే చిన్న కంపెనీలో నేను హాజరు రాసేవాణ్ణి. పదో తరగతి తప్పినవాణ్ణే, కానీ లెక్క నాకు నేనుగా నేర్చుకున్నాను. పొద్దున బస్సు దిగే తలలు లెక్కబెట్టి, మొత్తాన్ని ముందే పట్టీ అడుగున సిరాతో రాసి, ఆ తర్వాతే ఒక్కొక్క పేరు ముందు పెన్సిలుతో, వచ్చినవాడికి 'పీ', రానివాడికి 'ఏ' పెట్టేవాణ్ణి. పేర్లు తప్పినా తలలు తప్పవని నా నమ్మకం.

అవి నితాఖాత్ రోజులు, ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండి తీరాలన్న రూలు. సౌదీలు సరిపడా లేక కంపెనీ ఎరుపు జాబితాలో పడితే మా ఇకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యువల్ కావు. పైగా బయటి దేశపు మనిషికింతని సర్కారుకు కట్టే లెవీ. కంపెనీ జాబితాలో, పనిలో ఎన్నడూ కనబడని సౌదీల పేర్లు చేరాయి. ఈ సంగతి ఎవడు లేబర్ ఆఫీసుకు మోస్తాడోనని ఒకరి ఫోను మాటలు ఇంకొకరం చెవి ఒగ్గి వినేవాళ్లం, వింటున్నామని ఒకరినొకరం అనుమానించేవాళ్లం.

ఎండాకాలంలో పన్నెండు నుంచి మూడు దాకా బయట పని చేయించకూడదని అక్కడి నియమం. ఒకనాడు రెండు గంటలకు ఈ బస్టాండు మనిషిని షెడ్డు కప్పు ఎక్కించారు. కళ్లు తిరిగి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. సాయంత్రం మా సూపర్‌వైజర్ నా గదికొచ్చి తలుపు వేశాడు. నాకు వీసా ఇప్పించిన దూరపు చుట్టం, అందరం కాకా అనేవాళ్లం.

"రేపు లేబర్ ఆఫీసోళ్లు వస్తున్నరు. వాని పీ తుడిచి ఏ వెట్టు. డ్యూటీల లేకుంట ఊకెనే ఎక్కిండందం."

గైర్హాజరైతే అతనికి నష్టపరిహారం రాదని గొణిగాను.

"వాని తుంటి ఒక్కటి. కంపెనీ వోతే మనం నలభై మందిమి. లెక్కలోనివి గదరా, నువ్వే చెప్పు."

తుడిచాను.

మర్నాడు అధికారి పట్టీ మీద వేలు పెట్టి పీలు లెక్కబెట్టాడు: నలభై. అడుగున సిరాతో నలభై ఒకటి. విచారణలో సాక్ష్యం మాపితే జైలు, తర్వాత ఇంటికేనని వెంట వచ్చిన హైదరాబాదీ దుబాసీ ఉర్దూలో మెల్లగా చెప్పాడు. తుడిచింది నేనేనని, ఎవరు తుడవమన్నారో కూడా చెప్పేశాను. అతనికి పరిహారం వచ్చింది. కాకాకూ నాకూ దేశం వదిలిపొమ్మని ఎగ్జిట్ పడింది. నేను కావాలనే ఇరికించానని కాకా చనిపోయేదాకా నమ్మాడు, నా ముఖం చూడలేదు.

బస్టాండులో ఇతను అడిగిందీ అదే.

"అన్నా, ఆ నలభై ఒకటి మరిచినవా, ఎరికుండే ఇడిసినవా?"

మరిచానన్నాను. కానీ ఆనాడు సొరుగులో ఖాళీ పట్టీలు ఉండనే ఉన్నాయి, నలభై అని కొత్తది రాసి ఉండొచ్చు. ఏ మొత్తాన్నైనా మూడుసార్లు సరిచూసే నేను ఆ సాయంత్రం ఒక్కసారీ చూడలేదు. నన్ను నేను ఇంకా నమ్మలేకపోతున్నాను.

ఇప్పుడక్కడ ముఖం చూపిస్తే మిషనే హాజరు వేసుకుంటుందట, మా మేనల్లుడు చెప్పాడు. తుడవమని ఎవరూ వచ్చి తలుపు వేయరన్నమాట. ఏదో ఒకటి మరిచిపోవడానికి అక్కడ మనిషే ఉండడు.